పోత ఇనుము, కాల్చిన మట్టి

రైల్వేలో నా ఉద్యోగమంతా నీళ్ల ట్యాంకుల కింద గడిచింది. వర్క్స్ డిపార్టుమెంటులో చేరి, స్టేషన్లు, క్వార్టర్లు, బావులు, పంపుహౌసుల మరమ్మతులు చూసుకుంటూ వాల్తేరు చుట్టుపక్కల లైన్లన్నీ తిరిగాను. అందుకని ఏ ఊరు వెళ్లినా ముందు తలెత్తి ట్యాంకు ఎక్కడుందో వెతుక్కోవడం అలవాటైపోయింది. బర్మాలో ట్వంటే వెళ్లి అలా చూస్తే ష్వేసాండో పగోడా బంగారు శిఖరం తప్ప కంటికి ఎత్తయినదేదీ ఆనలేదు. నీళ్లన్నీ కిందే ఉన్నాయి. ఇళ్ల చూరు కింద, మెట్ల పక్కన, ముదురు గోధుమరంగు జాడీల్లో.

యాంగోన్‌కి నైరుతిగా, నది అవతల ఉంటుంది ట్వంటే. పాన్సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కి డల్లాలో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లాను. మా ఇంట్లో మాత్రం యాంగోన్ అనీ రంగూన్ అనీ అన్నవాళ్లు లేరు, అందరూ రంగం అనేవాళ్లే. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి రంగం వెళ్లినవాడు. డల్లాలో ఇరావడీ ఫ్లోటిల్లా కంపెనీ డాక్‌యార్డులో స్టీమర్లకు రివిట్లు కొట్టేవాడు. 1942లో కంపెనీ పడవలను జపాన్‌వాళ్లకు దక్కకుండా కంపెనీవాళ్లే ముంచేసినప్పుడు, తను కొట్టిన రివిట్లు నది అడుక్కి పోవడం చూశాడట. లక్షల మంది కొండదారులు పట్టి ఇండియాకు నడిచారు గానీ ఆయన కదల్లేదు. నేను పుట్టింది డల్లాలోనే. 1964లో మనవాళ్లు చాలామందితోపాటు మేమూ ఇండియాకు వచ్చేశాం. విశాఖలో కంచరపాలెం బర్మా క్యాంపులో పెరిగి, ఆ పక్కనే ఉన్న రైల్వేలో పనికి చేరాను.

ముందు ట్యాంకు సంగతి చెబుతాను. నాకు బాగా తెలిసింది అదే.

పొగబండి అనగానే జనం బొగ్గు గురించి మాట్లాడతారు. నిజానికి ఇంజను బొగ్గుకన్నా నీళ్లు ఎన్నో రెట్లు తాగుతుంది. కిలో బొగ్గు మండితే సుమారు ఆరేడు కిలోల నీళ్లు ఆవిరై పొగగొట్టంలోంచి పోతాయి, మళ్లీ తిరిగి రావు. మన బ్రాడ్‌గేజి మీద మెయిళ్లు లాగిన డబ్ల్యూపీ ఇంజను వెనక తగిలించే టెండరులో 25,000 లీటర్లు పట్టేవి. అంటే పాతిక టన్నులు. బండి స్టేషన్లో ఆగే కాసేపట్లోనే అది నిండాలి. పంపు పెట్టి నింపితే గంట పడుతుంది. అందుకని పంపు రోజంతా తీరిగ్గా నీళ్లు పైకి తోడి పెడుతుంది, బండి రాగానే ఆ ఎత్తే నీళ్లను కిందికి తోస్తుంది. ప్లాట్‌ఫారం చివర తిరిగే చెయ్యి ఉన్న వాటర్ కాలమ్, దానికి వేలాడే గుడ్డ గొట్టం, టెండరు మీద నిలబడి దాన్ని పట్టుకునే ఫైర్‌మన్ – ఇవన్నీ జనానికి కనిపించేవి. అసలు పని చేసేది వెనకాల నిలబడిన ట్యాంకు.

దాని కట్టుబడిలో రెండు వేర్వేరు చేతులు కనిపిస్తాయి. కిందిది తాపీమేస్త్రీ పని, పైది కమ్మరి పని. 50,000 గ్యాలన్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే 227 టన్నులు. ఆ బరువంతా నాలుగు గోడల మీదో ఆరు స్తంభాల మీదో దిగాలి. పాతవాళ్లు ఇటికతోనో చెక్కిన రాతితోనో, గానుగ సున్నంతో, స్తంభం నుంచి స్తంభానికి కమాను తిప్పి కట్టేవాళ్లు. కమాను అందం కోసం కాదు. ఆ కాలంలో ఇనప దూలం ఓడ మీద రావాలి, ఇటిక ఊళ్లోనే కాల్చుకోవచ్చు. అయినా కట్టినవాడు ఊరుకోడు. కమాను నడినెత్తిన రాయి కొంచెం ముందుకు జరుపుతాడు, ట్యాంకు కూర్చునే చోట ఇటికల వరస రెండు మెట్లుగా బయటికి తెస్తాడు. ఈ మెట్లు వాననీటిని గోడ మీదికి రానివ్వవు, ఎండలో గోడ మీద మంచి నీడగీత కూడా గీస్తాయి. కమాన్ల మధ్య గోడ పెడితే గది. అందులో పంపుడ్రైవరు సామాను, వేసవిలో నిద్ర. నెత్తిన రెండువందల టన్నుల నీళ్లున్న గది ఎంత చల్లగా ఉంటుందో అందులో పడుకున్నవాడికే తెలుసు.

పైది ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాత ట్యాంకులు పోత ఇనప పలకలతో చేసినవి. అంచుల్లో బోల్టులు బిగించి, పలకకీ పలకకీ మధ్య సందులో ఇనపరజను, నవాసారం, నీళ్లు కలిపి కూరేవాళ్లు. అది తుప్పు పడుతూ ఉబ్బుతుంది, ఉబ్బి సందు మూసేస్తుంది. ట్యాంకు శత్రువు తుప్పు. ఆ శత్రువునే కాపలా పెట్టిన కిటుకు అది. తర్వాత 1901 ప్రాంతంలో బ్రెయిత్‌వెయిట్ పద్ధతి వచ్చింది. నాలుగు అడుగుల చదరపు ఉక్కు పలకలు, ఒక్కో పలక మధ్యలో అచ్చు కొట్టిన ఉబ్బు. ఆ ఉబ్బు వల్ల పల్చని పలక కూడా వంగదు. పలకలను ఓడలో దొంతరగా పేర్చి తేవచ్చు, స్టేషన్లో గ్యాంగు బిగించుకోవచ్చు, ఒకటి పాడైతే ఒక్కటే మార్చుకోవచ్చు. ఇండియాలోనూ బర్మాలోనూ స్టేషన్ల పక్కన కనిపించే దీర్ఘచతురస్రపు ట్యాంకుల్లో చాలావాటి రూపం ఇదే. బయటి నుంచి చూసేవాళ్లకు తెలియనిదొకటి లోపలుంది: ఎదురెదురు గోడలను పట్టి ఉంచే ఇనప కడ్డీలు. చదును గోడ మీద నీళ్లు నిలబెడితే అది బయటికి పొట్ట వేస్తుంది. ఆ కడ్డీలు దాన్ని లోపలికి లాగి పడతాయి. అడుగు వరస పలకలు పైవాటికన్నా మందంగా ఉంటాయి, ఎందుకంటే నీటి ఒత్తిడి లోతుతోపాటు పెరుగుతుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, ట్వంటేలో మళ్లీ పనికొస్తాయి.

గేజి బోర్డు గురించి చెప్పకపోతే పాత ఖలాసీలు ఒప్పుకోరు. లోపల నీళ్ల మీద తేలే డబ్బా, దానికి గొలుసు, గొలుసు కప్పీ మీదుగా బయటికొచ్చి అంకెల బోర్డు మీద ముల్లును కదిలిస్తుంది. డబ్బా పైకి లేస్తే ముల్లు కిందికి దిగుతుంది. కాబట్టి ముల్లు అడుక్కొస్తే ట్యాంకు నిండినట్టు. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ ముల్లు పైన ఉందని పంపు ఆపేసి వెళ్లి టీ తాగేవాడు. ఆనక షెడ్డు నుంచి వచ్చే తిట్లతో ఆ పాఠం జన్మలో మరిచిపోయేవాడు కాదు.

ఎత్తు సంగతి తేలినా నీళ్ల గుణం తేలదు. నీళ్లలో సున్నం ఉంటే బాయిలరు గొట్టాలకు గార కడుతుంది, గార కట్టిన గొట్టం వేడిని నీటికి అందనివ్వక తనే కాలిపోతుంది. ఉప్పుంటే బాయిలరు నురగలు కక్కి, ఆవిరితోపాటు నీళ్లు సిలిండర్లోకి పోతాయి. మా తీరం పొడుగునా ఉన్న బాధ ఇదే: 1893, 1896 మధ్య విజయవాడ నుంచి కటక్ వైపు ఈస్ట్ కోస్ట్ లైను తెరిచినప్పుడు, సముద్రం కనిపిస్తున్నంత దూరం ఇంజనుకు పనికొచ్చే బావి ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. రైలు ఎక్కడ ఆగాలో చాలాచోట్ల నిర్ణయించింది ఊరి పెద్దరికం కాదు, బావినీళ్ల రుచి. ఏ గొప్పా లేని చిన్న స్టేషన్లో పెద్ద ట్యాంకు కనిపిస్తే, ఆ చుట్టుపక్కల మంచినీళ్లు అక్కడే పడ్డాయని అర్థం చేసుకోవచ్చు.

బర్మాలో రైలు 1877 మే 1న రంగూన్ నుంచి ప్రోమ్‌కు మొదలైంది. 161 మైళ్లు, మీటరుగేజి. 1889కి లైను మాండలే చేరింది. ఇన్‌సెయిన్‌లో లోకో వర్క్‌షాపు పెట్టారు. ఆ లైన్ల మీద బొగ్గు ఎత్తినవాళ్లలో, పట్టాలు వేసినవాళ్లలో మన దేశంనుంచి వెళ్లినవాళ్లే ఎక్కువ. రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ మన కోస్తా మనుషులు. కోరంగి రేవు పేరుతో వాళ్లందర్నీ 'కోరంగీలు' అనేవాళ్లు, రేవు తుపానుకు పాడయ్యాక కూడా ఆ పేరు పోలేదు. రంగూన్ నగరం తన దాహం తీర్చుకోవడానికి చెరువు మీద చెరువు తవ్వుకుంటూ ఉత్తరానికి జరిగింది: ముందు రాయల్ లేక్స్, 1880లలో ఇన్యా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లోగా, 1940లో గ్యోబ్యూ. రైలు కూడా ఉత్తరానికే. ప్రోమ్ లైనూ మాండలే లైనూ నదికి ఆవలి ఒడ్డునే ఉండి, డల్లా-ట్వంటే వైపు తిరిగి చూడలేదు.

ఇటు రైలు పని కాలువ చేసింది. ట్వంటే కాలువ రంగూన్ నదిని ఇరావడీ పాయతో కలుపుతుంది, పొడవు సుమారు 35 కిలోమీటర్లు. బ్రిటిష్‌వాళ్లు 1880లలో తవ్వించి, ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద స్టీమర్లు పోయేలా వెడల్పూ లోతూ చేశారు. లేకపోతే డెల్టా ఊళ్లకు పోయే పడవ సముద్రపు నోటిదాకా దిగి చుట్టు తిరిగి రావాలి. తాత రివిట్లు కొట్టిన స్టీమర్లు ఈ కాలువలోంచే మౌబిన్‌కూ బస్సేన్‌కూ పోయేవి. స్టీమరు కూడా ఆవిరి బండే గదా, దానికి ట్యాంకెందుకు లేదని చిన్నప్పుడు ఆయన్ను అడిగితే, "ఒరే, దాని కిందంతా ఏటున్నాది మరి?" అనేవాడు. పూర్తిగా నిజం కాదు. పోటు వచ్చినప్పుడు ఉప్పు ఎక్కే చోట ఏ బాయిలరువాడూ కళ్లు మూసుకుని నీళ్లు తోడడు. ఆయన చెప్పాలనుకున్నది వేరేమో. డెల్టాలో నీళ్లకు కొదవ లేదు, తాగే నీళ్లకు కొదవ.

ఆ సంగతి డల్లాలో ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది. ముందు నది, వెనక కాలువలు, భూమిలో తవ్వితే ఉప్పు. తాగడానికి వాననీళ్ల చెరువులే దిక్కు. ఏప్రిల్ వచ్చేసరికి చెరువులు అడుగంటుతాయి, ఒడ్డున బిందెలూ బకెట్లూ కావడికి కట్టుకుని జనం బారులు తీరుతారు, మనిషికి ఇన్నని కొలిచి ఇస్తారు. మే చివర నుంచి అక్టోబరు దాకా ఆకాశం కురిపించింది ఆర్నెల్లు దాచుకోవాలి. ఇంటింటికీ ట్యాంకు కావాలన్న మాట. ఆ ట్యాంకును ట్వంటే చేసి ఇచ్చింది.

ట్వంటేలో కుమ్మరుల పేట పేరు ఓ-బో. తాటాకు కప్పులాంటి దని ఆకు పాకలు, పాకల కింద చీకటి, ఆ చీకట్లో ఆరుతున్న పచ్చి కుండలు. చక్రం దగ్గర ఇద్దరుంటారు. ఒకరు కాలితో చక్రం తోస్తుంటే ఇంకొకరి చేతులు మట్టి మీద. పెద్ద జాడీని ఒకేసారి లేపరు. అడుగు కట్టి, అది తన బరువు తను మోసేటంత ఆరాక, దాని మీద మట్టి పేర్చి మళ్లీ లేపుతారు. పక్కన ఇటికబట్టీ, పొడుగ్గా, ఒంగిన కప్పుతో. కట్టెల మంటను నాలుగు రోజులు ఆరిపోనివ్వకూడదు. నేను ఆ కప్పు కింద నిలబడి ఇటికలు లెక్కపెట్టాను. పాత స్టేషను ట్యాంకు కమానును తిప్పే పద్ధతే, ఇక్కడ మాత్రం దాని మీద బరువు లేదు, కింద మంట ఉంది.

జాడీని మా లెక్క ప్రకారం పరీక్షిస్తే ఆశ్చర్యం వేస్తుంది. గుండ్రటి పాత్రలో నీళ్లు గోడను చీల్చడానికి చేసే లాగుడు, ఒత్తిడిని వ్యాసార్ధంతో హెచ్చిస్తే వచ్చేది. ఒత్తిడి అడుగున ఎక్కువ. రైల్వేవాడు అడుగు పలక మందం పెంచి గండం గట్టెక్కాడు. కుమ్మరి అడుగునే సన్నం చేసింది. ఒత్తిడి ఎక్కువున్న చోట చుట్టుకొలత తక్కువ, ఒత్తిడి తగ్గే భుజం దగ్గర పొట్ట. అందువల్ల గోడ మొత్తం దాదాపు ఒకే మందం ఉన్నా సరిపోతుంది. గుండ్రం కాబట్టి లోపల కడ్డీల అవసరమూ లేదు. మెడ దగ్గర మళ్లీ మూసుకుపోతుంది: మూత చిన్నది, దోమకూ ఎండకూ దారి చిన్నది. సన్నటి అడుగు ఇసుకలో గానీ ఇటికల చుట్టలో గానీ కూర్చుంటుంది. ఇంత లెక్క ఏ డ్రాయింగాఫీసులోనూ వెయ్యలేదు, పగిలిన జాడీలే నేర్పాయి. తొందరపడి పొగడటం లేదు నేను. ట్యాంకుకు పది అడుగుల లోతుంటే జాడీకి నడుమెత్తు, రెండింటి మీదా పడే బరువు ఒకటి కాదు. కానీ మట్టిలాంటి, లాగితే తెగే వస్తువుతో నీళ్లు నిలబెట్టాలంటే ఇంతకన్నా మంచి రూపం నేను గీయలేను.

గ్లేజు ఉన్న జాడీ వాననీళ్లకు, చేపల ఊరగాయకు. గ్లేజు లేనిది తాగే నీళ్ల కుండ. దాని ఒంటి రంధ్రాల్లోంచి నీరు చెమర్చి, ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. బర్మాలో రోడ్ల పక్కన, పగోడా మెట్ల దగ్గర, ఇళ్ల గేట్ల ముందు చిన్న గూడు కట్టి అందులో రెండు మూడు కుండలూ ఒక గ్లాసూ పెడతారు. మన చలివేంద్రం వేసవికే వస్తుంది, అక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది. పుణ్యం కోసం నింపేవాళ్లు ఎవరో ఒకరుంటారు. వేడి ఇంజనుకు స్టేషనులో ఏ అవసరముందో, ఎండలో నడిచేవాడికి ఆ గూడు దగ్గర అదే అవసరం.

ఈ పని ఎంత పాతదన్నది మట్టే చెబుతుంది. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో ట్వంటే చుట్టుపక్కల పాత బట్టీల దిబ్బలను పురావస్తు పరిశోధకులు గుర్తించి తవ్వి చూశారు. పదిహేను, పదహారు శతాబ్దాల నాటి ఆకుపచ్చ గ్లేజు పళ్లేలు ఇక్కడ కాల్చారని తేలింది. అలాంటి బర్మా పళ్లేల ముక్కలు అరేబియా తీరంలో జుల్ఫార్ తవ్వకాల్లో దొరికాయి. అంతకుముందే, పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా తనకు కానుకగా వచ్చిన వాటిలో మర్తబాన్ జాడీలున్నాయనీ, అందులో అల్లమూ మిరియాలూ మామిడీ ఊరబెట్టి ఓడ ప్రయాణానికి ఇచ్చారనీ రాసుకున్నాడు. మర్తబాన్ అనేది రేవు పేరు. ఆ రేవు నుంచి ఓడెక్కిన జాడీలన్నిటికీ, ఏ ఊళ్లో కాల్చినా, అదే పేరు పడింది. ట్వంటేవీ అందులో కలిసిపోయాయి. సరుకు వెళ్లిన రేవుకు పేరొచ్చింది గానీ బట్టీ ఉన్న ఊరికి రాలేదు. మా కోరంగివాళ్లకు జరిగిందీ ఇదే, రేవు పేరే మనుషులకు అంటుకుంది.

ఎగువన క్యౌక్‌మ్యౌంగ్‌లో కూడా పెద్ద జాడీలు చేస్తారు. పద్ధెనిమిదో శతాబ్దంలో అలౌంగ్‌పయా రాజు దక్షిణం నుంచి పట్టుకుపోయిన మోన్ కుమ్మరుల సంతతి వాళ్లది. ఖాళీ జాడీలను తెప్పలుగా కట్టి ఇరావడీలో వదిలి, వాటి మీదే కూర్చుని కిందికి వచ్చేవాళ్లు. నీళ్లు నింపవలసిన జాడీయే నీళ్ల మీద మనుషుల్ని మోసింది. ఇంత తెలివిగా సరుకు రవాణా చేసిన గూడ్సు బండిని నేను నా సర్వీసులో చూడలేదు.

1964లో మేం డల్లా వదిలేటప్పుడు మా ఇంటి వెనక మూడు ట్వంటే జాడీలుండేవి. ఆ ఏడు మేలో యాభై, వంద క్యాట్ల నోట్లు రద్దు చేశారు. దుకాణాలు సర్కారుపరం అయ్యాయి. నగలూ డబ్బూ తీసుకుపోవడానికి లెక్కలు పెట్టారు. అమ్మ బాధపడింది మాత్రం ఆ జాడీలకు. నిండా నీళ్లున్న జాడీని ఎవరికివ్వాలి? పక్కింటి బర్మావాళ్లకు ఇచ్చేస్తే, ఆ ఇంటావిడ ఆ సాయంత్రమే అందులో నీళ్లు ముంచి మాకు అన్నం వండి పెట్టింది. విశాఖలో దిగాక క్యాంపులో వీధికొళాయి దగ్గర క్యూలో నిలబడినప్పుడు అమ్మకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఏమిటంటే, ఊరంతటికీ ఒకే ట్యాంకు ఉండటం, అది ఖాళీ అయితే అందరికీ ఒకేసారి ఖాళీ అయిపోవడం. డల్లాలో ఎవరి జాడీ వాళ్లది.

ఇప్పుడు వారసత్వం మాటకు వస్తాను. మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద కట్టడానికి నూరేళ్లు నిండాలి. వయసొక్కటే చాలదు, చరిత్రపరంగానో కళాపరంగానో విలువ కూడా ఉండాలి. వయసు విషయంలో మాత్రం ట్యాంకుకు ధీమా ఉంది. బెర్న్ట్, హిల్లా బెషర్ అనే జర్మన్ దంపతులు యూరప్, అమెరికాల్లో నీళ్ల ట్యాంకులను దశాబ్దాలపాటు ఒకే తీరున, నలుపు తెలుపుల్లో ఫోటోలు తీస్తే, 1990 వెనిస్ బినాలేలో వాళ్లకు శిల్పానికి ఇచ్చే బహుమతి ఇచ్చారు. ఫోటోలకు శిల్ప బహుమతి అంటే ఆ ట్యాంకులు కట్టిన మేస్త్రీలకు ఇచ్చినట్టే అని నా లెక్క. ఇంగ్లండులో సెటిల్ స్టేషను పక్కనున్న పాత ట్యాంకును ఒకాయన కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాడు, పోత ఇనప తొట్టి అలాగే ఉంచి. మంచిదే. మన వైపు జరిగేది వేరు. నేను పనిచేసిన ఒక చిన్న స్టేషన్లో కమాన్ల ట్యాంకును పేలవమైన పసుపు పెయింటుతో అలంకరించి పక్కనే వాటర్ కాలమ్ తుక్కుకింద కోసి పంపేశారు. పంపుహౌసు అంతకుముందే పోయింది, బావి పూడ్చేశారు. ఇక అక్కడ నిలబడింది ట్యాంకు కాదు, ఎత్తున పెట్టిన ఇనప పెట్టె. బావి, పంపు, గొట్టం, గేజి బోర్డు, కాలమ్ – ఈ వరసలో ఏ ఒక్కటి తీసినా పిల్లలకు అది ఎందుకు కట్టారో చెప్పలేం. వంద ట్యాంకులకు రంగులు వేసేకన్నా రెండు మూడు చోట్ల ఈ వరసను చెదరనివ్వకుండా ఉంచితే చాలంటాను.

ట్వంటే జాడీకి అలాంటి చట్టాలు ఏమీ చెయ్యలేవు. పాత బట్టీ దిబ్బకు కంచె వెయ్యొచ్చు, ఆకుపచ్చ పళ్లెం మ్యూజియంలో పెట్టొచ్చు. నీళ్ల జాడీ ఆయుష్షు ఎంత? పిల్లవాడు రాయి విసిరినంత. పగలడం దాని గుణం, పగిలితే ఇంకోటి చెయ్యడం ఓ-బో గుణం. ఇనప ట్యాంకుకు పని పోయి శరీరం మిగిలింది, జాడీకి శరీరాలు పోతూ పని మిగులుతూ వచ్చింది. ఆ పనే ఇప్పుడు పల్చబడుతోంది. అల్యూమినియం, ఆ తర్వాత ప్లాస్టిక్ డ్రమ్ము తేలిగ్గా ఉంటాయి, పడితే పగలవు. 2008 మేలో నర్గిస్ తుపాను డెల్టాను ముంచెత్తినప్పుడు సాయానికి వచ్చినవాళ్లు తెచ్చినవీ ప్లాస్టిక్ డబ్బాలే, తొందరలో అదే సరైన పని. బట్టీకి కావలసిన కట్టెల ధర ఏడాదికేడాది పెరుగుతోంది. ఓ-బోలో నేను చూసిన పాకల్లో పూలకుండీలూ, యాంగోన్ రెస్టారెంట్ల కోసం దీపపు గూళ్లూ జాడీలకన్నా ఎక్కువ ఆరుతున్నాయి. కుండీకి అడుగున రంధ్రం ఉంటుంది. నీళ్లు నిలబెట్టవలసిన పని లేని మట్టికి ఆ భుజం, ఆ సన్నటి అడుగు అక్కర్లేదు. ఇంకొక తరం కుండీలే చేస్తే ఆ వంపు చేతులకు మరుపు వస్తుంది.

ట్యాంకులకు మా దగ్గర రిజిస్టరుండేది. కెపాసిటీ ఎంత, ఎప్పుడు కడిగారు, ఎప్పుడు లోపల పెయింటు వేశారు, ఏ పలక మార్చారు. అలవాటు కొద్దీ ఓ-బోలో ఒక జాడీ కొలతలు నోటుబుక్కులో రాసుకుని అడ్డుకోత గీశాను. చక్రం దగ్గరున్న పెద్దావిడ – 'అమా' అని పిలిస్తే పలికింది, నా పన్నెండేళ్ల నాటి బర్మీస్‌లో మిగిలిన ముక్కల్లో అదొకటి – ఆ కాగితం చూసి, ఇది దేనికని అడిగింది. రేపు ఎవరైనా చెయ్యాలంటే ఇది చూసి చేస్తారని చెప్పాను. ఆవిడ నవ్వి, కాగితం చూసి చేసేవాడికి ముందు మట్టి ఎవరిస్తారు, చేశాక ఎవరు కొంటారు అంది. మట్టి సంగతి నాకు తెలియదు. కొనడం మాత్రం తెలిసిన పనే. రైల్వేలో ఏ వస్తువైనా బతికిందంటే ఏడాదికి ఇన్నని ఇండెంటు పెట్టబట్టే. బర్మాలో రోడ్డు పక్క నీళ్ల గూళ్లు వేలల్లో ఉన్నాయి. ఇప్పుడు చాలావాటిలో ప్లాస్టిక్ క్యాన్లు కూర్చున్నాయి. వారసత్వం పేరు మీద డబ్బు పెట్టేవాళ్లు ట్వంటేలో మ్యూజియం కట్టకుండా, ఆ గూళ్లకు ఏటా కుండలూ డల్లా ఇళ్లకు వాననీళ్ల జాడీలూ ఓ-బో నుంచే కొని ఇస్తామని పదేళ్లకు ఇండెంటు రాసివ్వాలి. బరువైన సరుకే, కానీ కాలువ పక్కనే ఉంది, పడవల్లో వేస్తే పగలకుండా పోతాయి.